ఏడు మాత్రల బాటలో రాక్ సంగీతము

రాక్ సంగీతమనగా మూడు నిమిషముల పాటయు, నాలుగు మాత్రల దరువును, చెవులు చిల్లులు పడు ఘోషయునని తలంచు పెద్దలు మన సీమలో నేటికిని కలరు. వారికి నేను మొట్టమొదట వినిపింపగోరునది పింక్ ఫ్లాయిడ్ బృందము 1973లో వెలువరించిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ లోని ‘మనీ’ అను గీతము. అందు లయ ఏడేడు మాత్రలుగా నడచును. చెక్కభజనలో చేయి తిరిగిన వల్లూరు వాసి దానికి తొట్రుపడక తాళము వేయగలడు, ఏలయన మిశ్రచాపు మనకు పరాయిది కాదు. నడుమ గిటారు మనోధర్మమునకు పూనుకొనినప్పుడు ఆ యేడు నాలుగుగా మారి, పిదప మరల ఏడునకు వచ్చి కుదురుకొనుట గమనించినవారికి ఆ వాద్యకారుల సాధన యెంతటిదో బోధపడక మానదు.

ఇట్టి సాధనతో కూడిన రాక్ సంగీతమునే ప్రోగ్రెసివ్ రాక్ అందురు. 1948లో లాంగ్‌ప్లే రికార్డు వచ్చి, ఒక్కొక్క ముఖమున ఇరువది నిమిషములకు పైబడిన సంగీతమునకు చోటు కల్పించినను, ఆ యవకాశమును ఒకే భావము యొక్క విస్తారమునకు వినియోగింపవలెనన్న యూహ రాక్ గాయకులలో బలపడుటకు 1967 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ యేట బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ ను, మూడీ బ్లూస్ వాద్యబృంద సహితముగా ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్డ్’ ను వెలువరించిరి. 1969లో కింగ్ క్రిమ్‌సన్ తొలి ఆల్బముతో మార్గము సుస్థిరమయ్యెను. 1972లో జెత్రో టల్ రెండు ముఖములకును ఒక్కటే పాట కూర్చెను; జెనిసిస్ ఇరువది మూడు నిమిషముల ‘సప్పర్స్ రెడీ’ పాడెను. రాగము, తానము, పల్లవి గంటసేపు విని తనిసిన మన శ్రోతకు ఈ దైర్ఘ్యము వింత కాదు. ఆడంబరము హద్దు మీరిన రచనలును లేకపోలేదు. వానిని ధిక్కరించుచు 1976 ప్రాంతమున పంక్ సంగీతము తలయెత్తెను.

ఈ కథలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము మన పాలకొల్లును తాకును. జెనిసిస్ గాయకుడు పీటర్ గేబ్రియల్ 1975లో ఆ బృందమును వీడి, ప్రపంచ సంగీతముల కొరకు 1989లో రియల్ వరల్డ్ రికార్డు సంస్థను నెలకొల్పెను. మాండలిన్ శ్రీనివాస్, గిటారు వాద్యకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ ఆల్బము 1995లో వెలువడినది ఆ సంస్థనుండియే. జంటతంత్రుల మాండలిన్‌ను ఒంటితంత్రులదిగా మార్చి, ఐదవ తంత్రిని చేర్చి, విద్యుచ్ఛక్తి తోడుతో గమకములను పలికించిన ఆ పాలకొల్లు బిడ్డ, రాక్ గిటారు వాద్యకారులు వెదకుచుండిన దీర్ఘనాదమును కర్ణాటక సంప్రదాయము వీడకయే సాధించెను. ఇది అనుకరణము కాదు; సమానుల సమాగమము.

బెంగుళూరున 2003లో పుట్టిన అగమ్ బృందము తన బాణిని కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అని చెప్పుకొనుచున్నది. హరీశ్ శివరామకృష్ణన్ కంఠమున త్యాగరాజస్వామి నళినకాంతి కృతి ‘మనవ్యాలకించరాదటే’ గిటార్ల నడుమ వినబడునపుడు కృతి చెడినదని కొందరు నొచ్చుకొందురు. రాగము చెడనంతవరకు నాకా నొప్పి లేదు. దేవుని కడప వేంకటేశ్వరునిపై అన్నమయ్య పాడిన సంకీర్తనములను, ఒక పూర్తి ఆల్బముగా, ఏడు మాత్రలలోనో తొమ్మిదింటిలోనో, ప్రొద్దుటూరు, పులివెందుల పిల్లలే కూర్చి పాడగా వినవలెనని నాకు గట్టి కోరిక.