గొట్టమునకు కొమ్మ నతుకునపుడు పట్టీ యవసరము

పంపునుండి వచ్చు ఇనుపగొట్టమునకు రంధ్రము చేసి, కొమ్మగొట్టము నతికి ఊరకుండుట మేము పెక్కు పొలములలో చూచుచున్నాము. గోడకు ద్వారము తీసినవారు పైని దూలము వేయకుందురా? 30 మీటర్ల ఎత్తునకు నీరెక్కించు గొట్టపు అడుగున చదరపు సెంటీమీటరునకు సుమారు 3 కిలోల ఒత్తిడి యుండును. వాల్వు తటాలున మూసిన నది మిక్కిలి హెచ్చును. దానిని భరించు లోహమును కోసివేసితిమి గాన, రంధ్రము చుట్టును మరల చేర్చవలెను.

రంధ్రము 100 మిల్లీమీటర్లైనచో, గొట్టమంత మందము గల రేకును కొమ్మచుట్టును 50 మిల్లీమీటర్ల వెడల్పున పట్టీగా వేయవలెను. ఇరుప్రక్కల కలిసి పోయిన లోహమునకు సరిపోవును. పట్టీని గొట్టపు వంపున కనుగుణముగ వంచి, రెండంచులను పూర్తిగా వెల్డింగు చేయింపవలెను. పట్టీకొక సన్నని బెజ్జముంచినచో లోపలి యతుకు కారుట బయటపడును.

పూడ్చకముందే నీరు వదలి పరీక్షింపుడు. నాట్లవేళ గొట్టము పగిలినచో మడి యెండును. చారెడు రేకునకు వెనుదీయవలదని మా మనవి.