సైలెన్సర్ పేలితే పంపు విప్పాల్సిందేనా?
పాత ట్రాక్టర్ ఇంజన్: అపోహలు – వాస్తవాలు

రాయ్‌పుర్ జిల్లాలోని ఆరంగ్, అభన్‌పుర్, తిల్దా ప్రాంతాల్లో వానలు పడ్డాక దమ్ము పనికి ట్రాక్టర్ ఒక్క రోజు ఆగినా నాట్లు వెనకబడతాయి. ఛత్తీస్‌గఢ్‌కు ‘ధాన్ కా కటోరా’ అనే పేరు తెచ్చిన వరి పొలాలివి. ఇలాంటి అదనులో పాత ట్రాక్టర్ ఠప్ ఠప్‌మని పేలడం మొదలుపెడితే తలా ఒక సలహా చెబుతారు. జబ్బు ఎక్కడుందో తేలకముందే పానా పట్టుకుంటే నష్టపోయేది రైతే.

అపోహ: పేలుతోందంటే స్పార్క్ ప్లగ్గో కార్బొరేటరో పాడైనట్టే.

వాస్తవం: అవి పెట్రోలు ఇంజన్ భాగాలు. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లు దాదాపు అన్నీ డీజిల్‌వే. వీటిలో నిప్పురవ్వతో పని లేదు. సిలిండర్‌లో గాలిని సుమారు 16 నుంచి 20 రెట్లు కుదించినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోయినా, వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా పేలుడు శబ్దం వస్తుంది.

అపోహ: ఎక్కడ పేలినా కారణం ఒకటే.

వాస్తవం: శబ్దం ఎటు నుంచి వస్తోందో ముందు వినాలి. ఎయిర్ క్లీనర్ వైపు నుంచి వస్తే ఇన్‌లెట్ వాల్వును అనుమానించాలి. సైలెన్సర్ నుంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు కారుతుండవచ్చు, లేదా మండని డీజిల్ అక్కడికి చేరి అంటుకుంటుండవచ్చు. పొగను కూడా గమనించాలి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగా మండకపోతుండవచ్చు. నల్ల పొగ గాలి చాలకపోవడాన్నో, ఇంజెక్టర్ నాజిల్ కారడాన్నో చెబుతుంది. నీలం పొగ ఇంజన్ ఆయిల్ మండుతోందనడానికి గుర్తు.

అపోహ: టైమింగ్ తప్పింది, డీజిల్ పంపు విప్పాలి.

వాస్తవం: పంపు టైమింగ్ తప్పితే ఆ ప్రభావం సాధారణంగా అన్ని సిలిండర్ల మీదా పడుతుంది. శబ్దం ఒకే లయలో, ఆగి ఆగి వస్తుంటే లోపం ఒక్క సిలిండర్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. ముందు డీజిల్ ఫిల్టర్ చూసి, డ్రమ్ములో నిల్వ ఉంచిన డీజిల్‌లో వాన నీరు చేరిందేమో పరీక్షించి, లైన్లలోని గాలి తీయాలి.

తర్వాత ఇంజన్‌ను స్లోలో నడుపుతూ ఇంజెక్టర్ పైపు నట్లను ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేసి, మళ్లీ బిగించాలి. వదులు చేయగానే ఇంజన్ వేగం తగ్గితే ఆ సిలిండర్ బాగానే ఉంది. తేడా రాకపోతే లోపం అందులోనే. దాని ఇంజెక్టర్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడాలి. లోపమూ దానితో పాటు వెళితే నాజిల్‌ది తప్పు, కదలకపోతే టాపెట్లు, కంప్రెషన్ చూడాలి. ఇవన్నీ సరిగా ఉన్నాకే పంపు వంతు.

జాగ్రత్త: ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోగలదు. చెయ్యి అడ్డం పెట్టకండి, కళ్లద్దాలు పెట్టుకోండి. కామన్ రైల్ ఉన్న కొత్త ట్రాక్టర్లలో ఈ పరీక్ష అసలు చేయకూడదు.

అపోహ: టాపెట్ గ్యాప్ బాగా తగ్గిస్తే చప్పుడు పోయి ఇంజన్ మెత్తగా నడుస్తుంది.

వాస్తవం: వేడికి వాల్వు కాడ సాగుతుంది. దానికి చోటు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి మంట దూసుకుపోయి వాల్వు అంచు కాలిపోతుంది, పేలుళ్లు పెరుగుతాయి. గ్యాప్ ఎంత ఉండాలో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలో వేడిగా ఉన్నప్పుడు చూడాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఫీలర్ గేజ్‌తోనే కొలవాలి.

అపోహ: కాస్త కిరోసిన్ కలిపి ఫుల్ రేసు ఇస్తే మసి వదిలి సర్దుకుంటుంది.

వాస్తవం: పంపులోని ప్లంజర్లకు, నాజిల్ సూదికి డీజిలే కందెన. పలచని కిరోసిన్‌తో అవి త్వరగా అరుగుతాయి. కాలిన వాల్వు రేసుతో బాగుపడదు. పైగా కళ్లంలో వరిగడ్డి పక్కన సైలెన్సర్ రవ్వలు చిమ్మితే పంటకే ప్రమాదం.

మెకానిక్‌ను పిలిచినప్పుడు రెండు ప్రశ్నలు తప్పక అడగండి: లోపం ఏ సిలిండర్‌లో ఉంది, అది ఎలా తేలింది? జవాబు వచ్చాకే విప్పనివ్వండి. పాత ఇంజన్ అనగానే పెద్ద రిపేరుకు ఒప్పుకోనక్కర్లేదు. చాలాసార్లు ఒక ఫిల్టరో, నాజిలో, టాపెట్ సర్దుబాటో సరిపోతుంది.