ట్యాంక్ మీద నార్టన్.. ఇంజిన్ మీద ట్రయంఫ్: ఏ కంపెనీ తయారు చేయని 'ట్రైటన్' బైక్ కథేంటి? పాత బ్రిటిష్ బైక్‌ను మోడిఫై చేస్తే ముందు ఏం మార్చాలి?

రీల్స్‌లో ఈ బైక్ మీకు ఎప్పుడో ఒకసారి కనిపించే ఉంటుంది. మెరిసిపోయే పొడవాటి అల్యూమినియం ట్యాంక్, కిందకి వంగిపోయిన హ్యాండిల్, బాగా వెనక్కి జరిపిన ఫుట్‌రెస్ట్‌లు, ఒక్కరు మాత్రమే కూర్చునే సీటు. ట్యాంక్ మీద నార్టన్ అని ఉంటుంది. కాస్త కిందకి చూస్తే ఇంజిన్ కవర్ మీద ట్రయంఫ్ అని ఉంటుంది. కామెంట్లలో మాత్రం ఒకటే ప్రశ్న.. "ఇది ఏ కంపెనీది బ్రో?"

ఏ కంపెనీదీ కాదు. 1950లు, 60లలో బ్రిటన్ కుర్రాళ్లు, మెకానిక్‌లు ఇంటి వెనక షెడ్లలో తయారు చేసుకున్న బైక్ ఇది. ట్రయంఫ్‌లో ముందు సగం, నార్టన్‌లో చివరి సగం కలిపి 'ట్రైటన్' అని పేరు పెట్టారు. పాత బైక్‌ను స్పీడ్ కోసం, హ్యాండ్లింగ్ కోసం ఎలా మార్చాలో అర్థం కావాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రెండింటినీ ఎందుకు కలిపారు?

అప్పట్లో ట్రయంఫ్ దగ్గర మంచి ఇంజిన్ ఉంది. ఎడ్వర్డ్ టర్నర్ డిజైన్ చేసిన 500 సీసీ స్పీడ్ ట్విన్ 1937లో వచ్చింది. అదే పద్ధతిలో తర్వాత 650 సీసీ ఇంజిన్లు వచ్చాయి. 1959లో రెండు కార్బురేటర్లతో బోన్నెవిల్ టీ120 దిగింది. పవర్ 46 హార్స్‌పవర్. ఇప్పుడు చిన్నగా అనిపించొచ్చు కానీ, ఆ రోజుల్లో రోడ్డు మీద అది పెద్ద మాటే. ఇంజిన్ తేలిక, పార్ట్స్ ఎక్కడైనా దొరికేవి, ట్యూన్ చేయడం సులువు.

సమస్య ఫ్రేమ్‌తో. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌కి రెండు పక్కలా సరైన ఆధారం లేక, పాత ట్రయంఫ్‌లు స్పీడ్‌గా మలుపు తిరిగేటప్పుడు మధ్యలో విరిగినట్టు ఊగేవి. 1963లో ఫ్రేమ్ మార్చాక కానీ ఇది కొంత తగ్గలేదు.

నార్టన్ దగ్గర కథ రివర్స్. బెల్‌ఫాస్ట్‌కి చెందిన రెక్స్ మెక్‌కాండ్‌లెస్ డిజైన్ చేసిన ఫ్రేమ్‌తో 1950లో నార్టన్ రేసుల్లోకి దిగింది. రెండు పైపులను ఇంజిన్ చుట్టూ రెండు పెద్ద ఉచ్చుల్లా తిప్పి, హ్యాండిల్ దగ్గర ఒకదాన్నొకటి దాటేలా వెల్డ్ చేశారు. దీంతో ఫ్రేమ్ మెలి తిరగదు. ముందు చక్రం, వెనక చక్రం ఎప్పుడూ ఒకే గీతలో ఉంటాయి. మలుపులో బైక్ నమ్మకంగా ఉండాలంటే కావాల్సింది అదే. ఆ ఏడాది జెఫ్ డ్యూక్ ఈ ఫ్రేమ్‌తోనే ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ రేసు గెలిచాడు. దాన్ని నడిపిన రేసర్ హెరాల్డ్ డేనియల్ ఈకల పరుపు మీద ఉన్నట్టుందని అనడంతో 'ఫెదర్‌బెడ్' పేరు స్థిరపడిపోయింది. మన దగ్గరైతే హంసతూలికా తల్పం అనేవాళ్లేమో!

మరి ఇంత మంచి ఫ్రేమ్‌లు గ్యారేజీ కుర్రాళ్లకు ఎలా దొరికాయి? ఇక్కడే అసలు ట్విస్ట్. అప్పట్లో 500 సీసీ ఫార్ములా 3 కార్లకు నార్టన్ మ్యాంక్స్ ఇంజినే కావాలి. కంపెనీ ఇంజిన్ విడిగా అమ్మేది కాదు. దాంతో కార్ రేసర్లు బైక్ మొత్తం కొని, ఇంజిన్ పీకేసి, మిగతాది పక్కన పడేసేవారు. అలా ఇంజిన్ లేని ఫ్రేమ్‌లు మార్కెట్లోకి వచ్చాయి. తర్వాత డామినేటర్ లాంటి రోడ్డు బైక్‌ల ఫ్రేమ్‌లు కూడా వాడారు. 1962 వరకు ట్రయంఫ్ 650లలో ఇంజిన్, గేర్‌బాక్స్ విడివిడిగా ఉండేవి కాబట్టి వేరే ఫ్రేమ్‌లో సర్దడం కూడా వీలైంది.

వీధి స్టైల్ మాత్రమే అనుకుంటే పొరపాటు. 1965లో డేవ్ డీగెన్స్, రెక్స్ బుచర్ జంట ఒక ట్రైటన్ మీద బార్సిలోనా 24 గంటల రేసు గెలిచింది. అంటే రాత్రీ పగలూ ఆగకుండా నడిచినా తట్టుకునేలా కట్టొచ్చన్నమాట.

వంద మైళ్ల పిచ్చి

ఈ బైక్‌ల అడ్డా లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీదున్న ఏస్ కేఫ్. 1938లో మొదలైంది. యుద్ధంలో బాంబులకు దెబ్బతింటే 1949లో మళ్లీ కట్టారు. ఒక కేఫ్ నుంచి బయల్దేరి ఇంకో చోటికి రేసుగా వెళ్లడం వల్లే 'కేఫ్ రేసర్' అనే మాట వచ్చింది. టార్గెట్ గంటకు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు. అప్పటికి బ్రిటన్‌లో ఊరి బయట రోడ్లకు స్పీడ్ లిమిట్ లేదు. 70 మైళ్ల పరిమితి 1965 చివర్లో వచ్చింది. హెల్మెట్ తప్పనిసరి అయింది 1973లో. ఈ రెండు తేదీల మధ్య, అంతకు ముందు, ఎంతమంది ఇళ్లకు కబురు వెళ్లి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఏస్ కేఫ్ 1969లో మూతపడి, 2001లో మళ్లీ పూర్తిస్థాయిలో తెరుచుకుంది.

పరిగెత్తించే ముందు ఆపడం నేర్పాలి

వీడియోల్లో అందరూ చూపించేది కార్బురేటర్, సైలెన్సర్. కానీ పాత బైక్ చేతికి వస్తే తెలిసిన మెకానిక్ మొదట చూసేది బ్రేకు. లెక్క సింపుల్. స్పీడ్ రెండింతలైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు అవుతుంది. 50 మైళ్ల దగ్గర సరిపోయిన డ్రమ్ బ్రేక్ 100 దగ్గర వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

డ్రమ్‌లో రెండు షూలు ఉంటాయి. మామూలు బ్రేకులో ఒక షూని మాత్రమే తిరిగే డ్రమ్ తనవైపు లాక్కుంటుంది. అంటే మనం నొక్కిన దానికంటే అది గట్టిగా పట్టుకుంటుంది. రెండో షూకి ఆ సాయం ఉండదు. 'ట్విన్ లీడింగ్ షూ' బ్రేకులో రెండు షూలకూ ఆ లాగుడు దొరుకుతుంది. ట్రయంఫ్ తన 650లకు దీన్ని 1968 మోడల్‌కి ఇచ్చింది. ట్రైటన్ కట్టేవాళ్లు అంతకు ముందే రేసింగ్ డ్రమ్‌లు వెతుక్కునేవారు. ఇప్పుడు కొందరు డిస్క్ వేస్తారు. పాత లుక్ పోతుందని బాధపడేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు, రోజూ రోడ్డెక్కే బైక్‌కి డిస్క్ వేసినవాళ్లను తప్పుపట్టాలని లేదు.

హ్యాండ్లింగ్ విషయంలో ఇంకో మాట. ఎక్కువ తేడా తెచ్చేవి ఖరీదైన పార్ట్స్ కాదు. హ్యాండిల్ మెడలో ఉండే విడి బాల్స్ తీసేసి టేపర్ రోలర్ బేరింగ్‌లు వేయడం, స్వింగ్ ఆర్మ్‌లో అరిగిన బుష్‌లు మార్చడం, ఫోర్క్‌లో సరైన చిక్కదనం ఉన్న ఆయిల్ పోయడం, స్పోక్‌లు బిగించి రెండు చక్రాలు ఒకే గీతలో ఉన్నాయో లేదో దారం పట్టి చూడటం. ఇంతే. ఇవి చేయకుండా కొత్త షాక్ అబ్జార్బర్లు కొంటే డబ్బు దండగ.

ఇక టైర్లు. 1969లో మాల్కమ్ అప్‌హిల్ బోన్నెవిల్ మీద ఐల్ ఆఫ్ మ్యాన్ ప్రొడక్షన్ రేసులో సగటున గంటకు 100 మైళ్లు దాటి ఒక ల్యాప్ కొట్టాడు. ప్రొడక్షన్ బైక్‌తో అది మొదటిసారి. ఆ బైక్‌కి ఉన్న డన్‌లప్ కే81 టైర్‌కి తర్వాత 'టీటీ100' అని పేరు పెట్టారు. ఆ డిజైన్ టైర్లు చాలా ఏళ్ల తర్వాత కూడా పాత బైక్‌ల వాళ్లు అడిగి మరీ వేయించుకున్నారు. ట్రెడ్ బాగానే కనిపిస్తున్నా, గట్టిపడిన పాత టైర్‌తో మలుపులో వాలడం ప్రాణాలతో ఆటే.

ఇంజిన్ లోపల దాగిన మురికి

పాత ట్రయంఫ్ ట్విన్‌లో ఇప్పటి బైక్‌ల్లాంటి పేపర్ ఆయిల్ ఫిల్టర్ ఉండదు. క్రాంక్ షాఫ్ట్ లోపల చిన్న గొట్టం ఉంటుంది. పేరు స్లడ్జ్ ట్రాప్. క్రాంక్ తిరిగే వేగానికి ఆయిల్‌లోని మురికి, లోహపు పొడి అందులోకి చేరి గట్టిపడతాయి. అది నిండిపోతే కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌లకు ఆయిల్ వెళ్లే దారి మూసుకుపోతుంది. తర్వాత ఏమవుతుంది? రాడ్ విరిగి ఇంజిన్ కేసును చీల్చుకుని బయటకి రావచ్చు. సమస్య ఏంటంటే, దాన్ని శుభ్రం చేయాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలి. అందుకే బైక్ అమ్మేవాళ్లు "ఇంజిన్ చేయించాం" అంటే, స్లడ్జ్ ట్రాప్ తీశారా అని అడగడం కొనేవాళ్ల మొదటి ప్రశ్న. ఎలాగూ విప్పారు కాబట్టి, బయట ఒక ఫిల్టర్ కూడా బిగించేస్తారు.

రెండోది వైబ్రేషన్. ఈ ఇంజిన్‌లో రెండు పిస్టన్‌లూ ఒకేసారి పైకి వెళ్లి, ఒకేసారి కిందకి దిగుతాయి. అందుకే ఆ దడ. క్రాంక్‌కి ఉన్న ఎదురు బరువు దాన్ని కొంతవరకే ఆపుతుంది. 750 సీసీ కిట్ వేసి పెద్ద పిస్టన్‌లు పెడితే ఆ లెక్క మారిపోతుంది. క్రాంక్‌ను మళ్లీ బ్యాలెన్స్ చేయించకపోతే నట్లు ఊడతాయి, ట్యాంక్ పగుళ్లిస్తుంది, బల్బులు మాడతాయి. ఇంజిన్ తల నుంచి ఫ్రేమ్‌కి వేసే చిన్న పట్టీ, హెడ్ స్టెడీ, ట్రైటన్‌లో చాలా ముఖ్యం. దాన్ని వదిలేస్తే ఇంజిన్ ప్లేట్ల మీదే భారమంతా పడుతుంది. ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక చక్రం స్ప్రాకెట్లు ఒకే వరసలో లేకపోయినా అంతే సంగతి, చైన్ తినేస్తుంది.

తక్కువ ఖర్చులో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. పాత పాయింట్లు అరిగి టైమింగ్ జారిపోతుంది. స్పార్క్ మరీ ముందుగా పడితే ఇంజిన్ నాకింగ్ మొదలవుతుంది, వదిలేస్తే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. కంప్రెషన్ పెంచాలనుకునేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవాలి. ఫిల్టర్ తీసేసి కార్బురేటర్‌కి గొట్టం మాత్రమే పెట్టడం ఫొటోలో బాగుంటుంది. రోడ్డు దుమ్మంతా సిలిండర్‌లోకే పోతుంది.

ఇప్పుడు కొత్తగా వచ్చిన తలనొప్పి ఇథనాల్. బ్రిటన్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్ ఈ10 అయింది. పాత వాహనాలకు ఈ5 వాడమని ప్రభుత్వమే చెప్పింది. 60ల నాటి ఫైబర్‌గ్లాస్ ట్యాంకులను ఇథనాల్ కరిగిస్తుంది. ఆ జిగురు కార్బురేటర్‌లోకి దిగి అంటుకుపోతుంది. అల్యూమినియం ట్యాంక్‌లకు ఇప్పుడు డిమాండ్ ఉండటానికి ఇదీ ఒక కారణం. మన దగ్గర బంకుల్లో ఈ20 వచ్చేసింది కాబట్టి, పాత బుల్లెట్‌లు, యెజ్డీలు ఉన్నవాళ్లు రబ్బరు పైపులు, సీల్స్ ఒకసారి చూసుకోవడం మంచిది.

మనకేంటి లింక్?

ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడే 1964లో కుర్రాళ్ల పిచ్చి గమనించి, ఫ్యాక్టరీ నుంచే కేఫ్ రేసర్‌గా కాంటినెంటల్ జీటీ 250 దించింది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే కాంటినెంటల్ జీటీ 650 ఆ పేరు వారసత్వమే. దాని ఫ్రేమ్ పనిలో బ్రిటన్‌కి చెందిన హ్యారిస్ పెర్ఫార్మెన్స్ పాలుపంచుకుంది. ఆ కంపెనీని రాయల్ ఎన్‌ఫీల్డ్ 2015లో కొనేసింది. జీటీ 650లో పిస్టన్‌లు ఒకేసారి కదలవు. క్రాంక్‌ను 270 డిగ్రీల తేడాతో చేసి, బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. ట్రైటన్ కుర్రాళ్లు జీవితాంతం కుస్తీ పట్టిన దడకి మందు అదే.

అలాగని ఇక్కడ ఎవరైనా ఇంజిన్ మార్చి ట్రైటన్ కట్టేస్తామంటే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఇంజిన్ మార్చాలంటే ఆర్టీఏ అనుమతి ఉండాలి. సౌండ్ కోసం మార్చిన సైలెన్సర్‌లను పోలీసులు రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. బేరింగ్‌లు, బుష్‌లు, ఫోర్క్ ఆయిల్, సైజు మారని మంచి టైర్లు.. వీటికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.