బిళ్ళకు లొంగని గుండెమంట

ఏలూరుకు దక్షిణాన, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు ఉన్నదని మీకు తెలుసు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు, అనేక మురుగు కాల్వలు తెచ్చే నీరంతా అందులోకి చేరుతుంది. చేరిన నీరు బయటికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. వానాకాలంలో సరస్సు నిండుగా ఉన్నప్పుడు నీరు సముద్రం వైపు పారుతుంది. వేసవిలో సరస్సు మట్టం పడిపోయి, సముద్రానికి పోటు వచ్చినప్పుడు మాత్రం ఉప్పునీరు అదే ఏటి వెంట వెనక్కి ఎక్కి వస్తుంది. చేలకూ, తాగునీటికీ చేటు తెస్తుంది. అందుకే ఉప్పుటేరుపై రెగ్యులేటరు కట్టాలని ఆ ప్రాంత రైతులు ఎన్నో ఏళ్ళుగా కోరుతూ వచ్చారు.

సరిగ్గా ఇటువంటి సంగతే మన శరీరంలోనూ జరుగుతుంది. కిందికి పోవలసినది పైకి వస్తుంది. రొమ్ము మధ్యలో మంట, గొంతులోకి పుల్లటి నీరు, పులితేన్పులు వస్తాయి. మన ఇళ్ళలో దీనిని ‘గ్యాస్’ అనీ, ‘గుండెల్లో మంట’ అనీ అంటారు. నిజానికి ఇది గ్యాసూ కాదు, గుండెకు సంబంధించినదీ కాదు. మందుల షాపులో ‘గ్యాస్ బిళ్ళ’ అడిగి తెచ్చుకుంటారు. కొందరికి తగ్గుతుంది. మరికొందరికి నెలల తరబడి వాడినా తగ్గదు. ఎందుకని? ఈ ప్రశ్నకు జవాబు మీ ఎనిమిది, తొమ్మిది, పదో తరగతి పుస్తకాలలోని పాఠాలతోనే చాలావరకు చెప్పవచ్చు.

ఒకవైపే తెరుచుకోవలసిన తలుపు

మనం మింగిన ముద్ద సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న ఆహారవాహిక గుండా దిగి జీర్ణాశయాన్ని చేరుతుంది. రెండూ కలిసే చోట 3, 4 సెంటీమీటర్ల మేర ఒక కండరం ఉంగరంలా బిగిసి ఉంటుంది. దీనిని సంవరణి కండరం అంటారు. ముద్ద వచ్చినప్పుడు తెరుచుకోవడం, అది దిగిపోగానే మూసుకోవడం దీని పని. దీనికి బయటి నుంచి ఉదరవితానం కూడా సాయం చేస్తుంది. ఆహారవాహిక ఉదరవితానంలోని రంధ్రం గుండా దిగుతుంది కాబట్టి ఆ కండరం చుట్టూ పట్టుకొని నొక్కుతుంది. అంటే ఒకే వాకిలికి రెండు తలుపులన్నమాట.

అయితే ఈ తలుపులు మింగనప్పుడు కూడా అప్పుడప్పుడు కొన్ని సెకన్లపాటు వదులవుతాయి. అది లోపం కాదు. కడుపులోని గాలి తేన్పుగా బయటికి రావడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు. కడుపు ఎంతగా సాగితే ఈ వదులవడం అంత తరచుగా జరుగుతుంది. ఆ సమయంలో గాలితోపాటు జఠరరసం కూడా పైకి రావచ్చు. అందరికీ రోజులో కొన్నిసార్లు ఇలా జరుగుతూనే ఉంటుంది. మనకు తెలియదు, ఎందుకంటే భూమ్యాకర్షణ ఆ రసాన్ని కిందికి లాగుతుంది. ఆహారవాహిక అలలు అలలుగా కదిలి దానిని నెట్టేస్తుంది. మనం మింగే లాలాజలం క్షారగుణం కలది కాబట్టి మిగిలిన ఆమ్లాన్ని తటస్థీకరిస్తుంది. ఈ మూడు రక్షణలూ చాలనప్పుడే మంట జబ్బవుతుంది.

కడుపులో ఇంత ఘాటైన ఆమ్లమా?

జఠరరసంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1823లో ఇంగ్లండుకు చెందిన విలియం ప్రౌట్ కనుగొన్నాడు. అంతకు ముందు ఏడాది, 1822లో, అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి దెబ్బ తగిలి కడుపుకు కన్నం పడింది. గాయం మానింది కాని కన్నం పూడలేదు. విలియం బ్యూమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ కన్నం గుండా ఆహారపు ముక్కలను దారంతో లోనికి దించి, అవి ఎలా కరుగుతాయో ఏళ్ళ తరబడి గమనించి, 1833లో పుస్తకంగా ప్రచురించాడు.

మన రక్తం పి.హెచ్. విలువ 7.4. జఠరరసం పి.హెచ్. ఇంచుమించు 1.4 వరకు ఉండవచ్చు. పి.హెచ్. ఒక్క అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు పెరుగుతుందని మీరు చదువుకున్నారు. మరి ఆరు అంకెలు తగ్గితే? పది లక్షల రెట్లు! జీర్ణాశయం గోడలోని కణాలు హైడ్రోజన్ అయాన్లను ఇంత గాఢతకు ఎదురుగా తోడిపోస్తాయి. అందుకు వాటిలో ‘ప్రోటాన్ పంపులు’ అనే ప్రోటీను యంత్రాలున్నాయి. ఆ ఆమ్లం తగలకుండా జీర్ణాశయం గోడకు దట్టమైన శ్లేష్మపు పూత ఉంటుంది. ఆహారవాహికకు అటువంటి పూత లేదు. అందుకే అక్కడ మంట.

బిళ్ళ చేసేదేమిటి? చేయనిదేమిటి?

కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల అడుగు నేల పుల్లబడితే రైతులు సున్నం చల్లుతారు. క్షారం ఆమ్లాన్ని తటస్థీకరిస్తుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడు, అల్యూమినియం హైడ్రాక్సైడు ఉన్న తెల్లని ద్రవమందులు చేసేదీ ఇదే. అవి త్వరగా పనిచేస్తాయి, త్వరగానే అయిపోతాయి.

తరువాతి మందులు ఆమ్లం తయారీనే తగ్గించాయి. జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త కృషి వల్ల 1976లో సిమెటిడిన్ వాడుకలోకి వచ్చింది. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. అదే 1988లో ప్రోటాన్ పంపులనే కట్టివేసే ఒమెప్రజోల్ ఐరోపాలో అమ్మకానికి వచ్చింది. ఈనాడు మన షాపుల్లో దొరికే పాంటోప్రజోల్ దాని తమ్ముడే.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఈ బిళ్ళలు ఆమ్లాన్ని తగ్గిస్తాయి, తలుపును బిగించవు. సముద్రంలో ఉప్పు తగ్గించినా రెగ్యులేటరు లేకపోతే నీరు వెనక్కి రావడం ఆగుతుందా? బిళ్ళ వేసుకున్న మనిషిలోనూ రసం పైకి వస్తూనే ఉంటుంది, దాని పులుపు మాత్రమే తగ్గుతుంది. నోట్లోకి నీరు రావడం, దగ్గు, గొంతు బొంగురు మందుతో తగ్గకపోవడానికి ఇదొక కారణం.

మరొక కారణం వాడే తీరు. ఈ మందు పనిచేస్తున్న పంపులనే కట్టగలదు. పంపులు పని మొదలుపెట్టేది మనం అన్నం తిన్నప్పుడు. కాబట్టి బిళ్ళను సాధారణంగా భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. మంట వచ్చాక రాత్రి పడుకోబోతూ వేసుకుంటే ఫలితం సగమే. పైగా ఈ మందును ఆమ్లమే పాడుచేస్తుంది. అందుకని దానికి ప్రత్యేకమైన పూత వేస్తారు. నమిలినా, పొడి చేసినా ఆ పూత పోతుంది. పూర్తి ఫలితం కనబడడానికి కొన్ని రోజులు పడుతుంది. ఒకరోజు వేసి రెండురోజులు మానితే లాభం లేదు. చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్ళు ఆమ్లం ఎక్కువగా ఊరి మంట పెరగవచ్చు. ఆపడం కూడా వైద్యుని సలహాతోనే జరగాలి.

భూమ్యాకర్షణ అనే ఖర్చులేని మందు

ఒక చిన్న ప్రయోగం చేయండి. ప్లాస్టిక్ సీసాలో సగం నీళ్ళు పోసి, మూత తీసి, ఒక పళ్ళెంలో అడ్డంగా పడుకోబెట్టండి. నీళ్ళు కారుతాయి. మళ్ళీ సగం నింపి, ఈసారి మూతివైపు రెండు పుస్తకాలు ఎత్తుపెట్టండి. కారవు. ఇప్పుడు సీసాను నిండా నింపి అదే ఎత్తులో పెట్టండి. కారుతాయి. చివరగా, సగం నీళ్ళతో ఎత్తులో ఉన్న సీసా నడుమను గట్టిగా నొక్కండి. నీరు మూతివైపు ఎగబాకుతుంది. పడుకోవడం, కడుపు నిండడం, పొట్టపై ఒత్తిడి – మూడు కారణాలూ మీ కళ్ళముందే ఉన్నాయి.

ఇక జాగ్రత్తలు మీరే చెప్పగలరు. రాత్రి భోజనానికీ, పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి. చేపల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవారు, పొద్దుపోయి దుకాణం కట్టేసి ఇంటికి వచ్చేవారు తినగానే వాలిపోతారు. వారు సాయంత్రమే తిని, రాత్రికి తేలికగా సరిపెట్టుకోవడం మేలు. మంచానికి తలవైపు కోళ్ళ కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున ఇటుకలో, చెక్కదిమ్మలో కదలకుండా పెట్టాలి. దిండు మీద దిండు వేస్తే చాలదు. అప్పుడు శరీరం నడుము దగ్గర వంగి పొట్ట మరింత నొక్కుకుంటుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఆహారవాహిక కలిసే చోటు జీర్ణాశయంలోని రసం కంటే పైన ఉంటుంది. కుడి పక్కకు తిరిగితే అది కిందికి వస్తుంది.

పొట్ట పెరిగినవారు బరువు తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది. మొలతాడు, లంగా బొందు, బెల్టు బిగించకూడదు. కడుపునిండా చద్దన్నం తిని వెంటనే వంగి నాట్లు వేసేవారికి మంట ఎందుకు వస్తుందో ఇప్పుడు మీకు అర్థమైంది కదా! చుట్ట, సిగరెట్టు, సారా సంవరణి కండరాన్ని సడలిస్తాయి. నూనె ఎక్కువైన పదార్థాలు జీర్ణాశయంలో చాలాసేపు నిలిచి ఉంటాయి. తాడేపల్లిగూడెం పకోడీ ఎంత రుచిగా ఉన్నా రాత్రి తొమ్మిదింటికి పొట్లం ఖాళీ చేస్తే దాని ఫలితం పదకొండింటికి కనబడవచ్చు.

నోటుపుస్తకమే ప్రయోగశాల

‘పులుపు మానండి, కారం మానండి, కాఫీ మానండి, టమాటా మానండి’ అని ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. అన్నీ మానేస్తే మిగిలేది మజ్జిగన్నమే! చింతపండు పులుసు కంటే మన కడుపులోని ఆమ్లమే ఘాటైనది. అయితే అప్పటికే ఒరుసుకుపోయిన ఆహారవాహికకు పులుసూ, కారమూ తగిలితే మండుతుంది. ఏది ఎవరికి పడదో మనిషి మనిషికీ మారుతుంది.

మరి ఎలా తెలుసుకోవాలి? ప్రయోగంలో ఒకసారి ఒక్క అంశాన్నే మార్చాలని మీకు తరగతిలో చెబుతాము. ఇక్కడా అంతే. ఇంట్లో తాతయ్యకో, అమ్మకో ఈ బాధ ఉంటే ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి ఇవ్వండి. తేదీ, ఏమి తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, ఎన్ని గంటలకు పడుకున్నారు, బిళ్ళ ఎప్పుడు వేశారు, మంట వచ్చిందా, ఎంతసేపు ఉంది – ఇవి రాయాలి. మొదటి వారం ఏదీ మార్చవద్దు. తరువాత రెండు వారాలు భోజనవేళ ఒక్కటే మార్చండి. ఆ తరువాత మంచం ఎత్తు. ఆ తరువాత కాఫీ. దేనితో మార్పు వచ్చిందో పుస్తకమే చెబుతుంది. వైద్యుని దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం తీసుకుపోతే ఆయన పని సగం తేలికవుతుంది.

రోజూ వంటసోడా కలిపి తాగడం మాత్రం మంచిది కాదు. అది ఆమ్లంతో చర్య జరిపి కార్బన్ డయాక్సైడు విడుదల చేస్తుంది. కడుపు ఉబ్బి తలుపు మళ్ళీ వదులవుతుంది. రక్తపోటు ఉన్నవారికి అందులోని సోడియం హాని చేస్తుంది.

ఇంకా తగ్గకపోతే

సరిగ్గా వాడినా, జాగ్రత్తలు పాటించినా తగ్గకపోతే, ‘జబ్బు మనమనుకున్నదేనా?’ అని అడగాలి. ఎండోస్కోపీతో ఆహారవాహికలో పుండు ఉన్నదీ లేనిదీ చూస్తారు. ముక్కు ద్వారా సన్నని గొట్టం దించి 24 గంటలపాటు పి.హెచ్. కొలిచే పరీక్ష కూడా ఉన్నది. ఇలా పరీక్షిస్తే కొందరిలో ఆమ్లం మామూలు కంటే ఎక్కువగా పైకి రావడమే లేదని తేలుతుంది. వారిలో ఆహారవాహిక నాడులు అతి సున్నితమై చిన్న స్పర్శనే మంటగా చెబుతుంటాయి. అది కల్పన కాదు, నిజమైన బాధే. కాని దానికి మందు వేరు. దీర్ఘంగా పొట్టతో శ్వాస తీసే అభ్యాసం ఉదరవితానాన్ని బలపరచి కొందరికి ఉపయోగపడుతుంది. తలుపు మరీ వదులైన వారికి శస్త్రచికిత్స ఉంది. జీర్ణాశయపు పైభాగాన్ని ఆహారవాహిక చుట్టూ చుట్టి కుట్టే ఈ పద్ధతిని 1956లో రుడాల్ఫ్ నిస్సెన్ ప్రకటించాడు. ఉప్పుటేటికి రెగ్యులేటరు కట్టడం వంటిదే ఇది.

ఇవి కనబడితే ఆలస్యం వద్దు

ముద్ద దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నెత్తురు వాంతి, తారులా నల్లని విరేచనం, రక్తహీనత – వీటిలో ఏది కనిపించినా గ్యాస్ బిళ్ళతో కాలం గడపక వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. గుండెపోటు కూడా కొందరిలో గ్యాస్ నొప్పిలాగే మొదలవుతుంది. రొమ్ముపై బరువు పెట్టినట్లుండడం, చెమటలు పోయడం, నొప్పి ఎడమచేతికో దవడకో పాకడం, ఆయాసం, నడిస్తే నొప్పి ఎక్కువవడం – ఇలా ఉంటే సోడా తాగించి పడుకోబెట్టకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ‘గ్యాసేలే’ అని పెద్దవాళ్ళు కొట్టిపారేసినా మీరు ఊరుకోకండి. పరీక్షలో గ్యాసే అని తేలితే నష్టమేమీ లేదు. గుండెపోటే అయితే ఆ కొద్ది నిమిషాలే ప్రాణం నిలుపుతాయి.