డబ్బులిచ్చేది ఒకరు... వాడేది ఇంకొకరు!

ఇంట్లో వైఫై ఉంది. నెలనెలా బిల్లు కట్టేది నాన్న. ఏ కంపెనీది తీసుకోవాలి, ఎంత స్పీడు కావాలి అని నలుగురినీ వాకబు చేసి తేల్చింది ఇంజినీరింగ్ చదివే అమ్మాయి. మధ్యాహ్నం పూట కూర్చుని సీరియల్ పాత ఎపిసోడ్లు చూసేది నానమ్మ. ఓ రోజు నెట్ ఆగిపోయింది. ఇంతకీ ఈ ముగ్గురిలో కంపెనీకి 'కస్టమర్' ఎవరు?

చిన్న ప్రశ్నే. కానీ ఐటీ రంగంలో దీని గురించి పుస్తకాలే ఉన్నాయి. కంప్యూటర్ సేవల్ని ఎలా నడపాలో చెప్పే 'ఐటిల్' అనే పద్ధతికి 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఒకటి శ్రీకారం చుట్టింది. సపోర్ట్ ప్రాజెక్టులో పనిచేసే అబ్బాయో అమ్మాయో ఉన్న ఇళ్లలో ఈ మాట వినే ఉంటారు. 'టికెట్ వచ్చింది' అంటూ అర్ధరాత్రి లేచి ల్యాప్‌టాప్ తెరిచే కొలువులు చాలావరకూ దీని బాటలోనే నడుస్తాయి.

2019లో వచ్చిన ఐటిల్ నాలుగో కూర్పు, సేవ అందుకునేవాళ్లను మూడు పాత్రలుగా విడదీసింది. ఏం కావాలో చెప్పి, ఫలితానికి బాధ్యత తీసుకునేవారు కస్టమర్. రోజూ దాంతో పనిచేసుకునేవారు యూజర్. ఖర్చుకు సరేననేవారు స్పాన్సర్. సొంత డబ్బుతో ఫోన్ రీఛార్జ్ చేసుకునే కుర్రాడిలో ముగ్గురూ ఒకరే. పెద్ద సంస్థల్లో మాత్రం తలో అంతస్తులో, ఒక్కోసారి తలో దేశంలో ఉంటారు. చిక్కంతా అక్కడే!

గంటలోపు సమస్య తీర్చాలన్నది ఒప్పందం అనుకుందాం. సపోర్ట్ బృందం గంటలో టికెట్ మూసేస్తుంది. సమస్య తీరలేదు, యూజర్ ఇంకో టికెట్ పెడతాడు. అదీ గంటలో మూతపడుతుంది. నెలాఖరున కస్టమర్ చేతికెళ్లే నివేదికలో అన్నీ పచ్చరంగు గడులే. యూజర్ మొహం మాత్రం కోపంతో ఎర్రబడి ఉంటుంది. ఇలాంటి నివేదికకి ఈ రంగంలోవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'పుచ్చకాయ'.

జీతం రాలేదు!

టికెట్ల దగ్గర ఇది చిరాకుతో పోతుంది. జీతాల దగ్గరికొస్తే? కెనడా ప్రభుత్వోద్యోగులకు అది అనుభవమైంది.

అక్కడ ఉద్యోగుల జీతాలు లెక్కగట్టేందుకు 'ఫీనిక్స్' అనే కొత్త వ్యవస్థ తేవాలనుకున్నారు. ఐటిల్ లెక్కలో చూస్తే, డబ్బు మంజూరు చేసిన ట్రెజరీ బోర్డు స్పాన్సర్. వ్యవస్థను కట్టించిన ప్రభుత్వ శాఖ కస్టమర్. దాంతో రోజూ కుస్తీ పట్టాల్సిన జీతాల విభాగం సిబ్బంది యూజర్లు. జీతం అందుకోవాల్సిన దాదాపు 2,90,000 మంది ఉద్యోగులూ ఆ కోవలోకే వస్తారు.

మంజూరైంది 15.5 కోట్ల డాలర్లు. కట్టే కంపెనీ 27.4 కోట్లవుతుందంది. మామూలుగా అయితే కస్టమర్ వెళ్లి స్పాన్సర్‌ని ఇంకాస్త అడగాలి. ఆ శాఖ అధికారులు అడగలేదు. ఉన్న డబ్బుకు సరిపడేలా పనులు తగ్గించేశారు. పాత తేదీ నుంచి పెరిగిన జీతాల బకాయిలు లెక్కగట్టే ఏర్పాటు కూడా అలా పోయింది. ముందు ఒక శాఖలో నడిపి చూద్దామన్న ఆలోచననీ పక్కన పెట్టారు. ఏటా 7 కోట్ల డాలర్లు మిగులుతాయని, వివిధ శాఖల్లోని సుమారు 1,200 మంది జీతాల సిబ్బంది స్థానంలో మిరమిషి అనే ఊళ్లో 550 మందితో ఒక కేంద్రం పెట్టారు. పనిలో ఆరితేరిన వాళ్లలో చాలామంది అలా దూరమయ్యారు. యూజర్ల గోడు పట్టించుకోని ప్రాజెక్టుకి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

2016లో ఫీనిక్స్ మొదలైంది. కొందరికి జీతం తక్కువొచ్చింది. కొందరికి అసలు రాలేదు. ఇంకొందరికి ఎక్కువొచ్చి, తర్వాత తిరిగి కట్టాల్సొచ్చింది. ఇంటి అప్పు వాయిదాలు తప్పినవాళ్లున్నారు. 2017 జూన్ నాటికి సరిచేయాల్సిన తప్పుల విలువ 50 కోట్ల డాలర్లు దాటింది. 2018లో ఆ దేశ ఆడిటర్ జనరల్ దీన్ని 'అర్థం చేసుకోలేని వైఫల్యం' అని తేల్చారు.

ఏటా 7 కోట్లు మిగల్చాల్సిన వ్యవస్థను సరిచేయడానికి అంతకు ఎన్నో రెట్లు ఖర్చు పెట్టారు. జీతాల సిబ్బందినీ మళ్లీ వందల సంఖ్యలో చేర్చుకున్నారు.