సీత అను పేరు

మా బంధువుల యింట ఆ మధ్య ఒక ఆడశిశువునకు నామకరణము జరిగినది. పళ్లెములో బియ్యము పోసి, తండ్రి ఉంగరముతో పేరు వ్రాయవలసిన సమయమునకు ఇంటిలో చిన్న తగవు పుట్టినది. కాలము చేసిన తన తల్లి పేరు పెట్టవలెనని అతని కోరిక. ఆమె పేరు సీతమ్మ. చిన్న వయసుననే భర్తను కోల్పోయి, ఉన్న కొద్దిపాటి పొలము చేయించుకొనుచు ముగ్గురు పిల్లలను పెంచిన ఇల్లాలు ఆమె. బాలింత మాత్రము ఒప్పుకొనలేదు. "అత్తయ్యగారి పేరు ఇష్టం లేక కాదండీ. ఆమె పడ్డ పాట్లు కళ్లారా చూశాను. నా బిడ్డకు ఆ సీత కష్టాలు వద్దు" అని కన్నీరు పెట్టుకొన్నది. పెద్దలలో ఒకరు నా వైపు తిరిగి, "రేడియోలో అందరికీ అన్నీ చెబుతావు గదా నాయనా, దీనికేం చెబుతావు?" అని అడిగినారు. ఆనాడు నేను చెప్పగలిగినది కొంచెమే. తరువాత గ్రంథములు తిరుగవేసి కూర్చుకొన్న నాలుగు మాటలను నేడు శ్రోతల ముందుంచుచున్నాను.

మొదట పేరునకు అర్థము చూతము. సీత అనగా నాగటిచాలు. నాగలి నేలను చీల్చుకొని పోవుచుండగా దాని వెనుక ఏర్పడు గాడికి సంస్కృతమున సీత అని పేరు. అమరకోశము చెప్పు అర్థము ఇదియే. నాగలిని సీరము అందురు. బలరామునకు సీరపాణి అను పేరు అందువలన వచ్చినది. సీత, సీరము, సీమ అను మాటలను నిఘంటుకర్తలు ఒకదానితో ఒకటి పోల్చి చూపుదురు. సీమ అనగా హద్దు. నేలపై గీత గీయుట అను భావము ఈ మాటలన్నిటను తోచుచున్నది. చలిని చెప్పు శీతము వేరు, ఈ సీత వేరు. దానికి తాలవ్యమైన శకారము, దీనికి దంత్యమైన సకారము. వాడుకలో 'సీతాకాలం' అని పలుకుట వలన రెండును ఒకటేయని కొందరు భ్రమపడుదురు.

ఈ పేరు వాల్మీకి రామాయణమునకు ఎంతయో పూర్వపుది. ఋగ్వేదము 4వ మండలములోని 57వ సూక్తము పొలమునకు అధిదేవత యగు క్షేత్రపతిని స్తుతించును. అందు రెండు ఋక్కులలో ఋషి సీతను దేవతగా పిలిచి, దగ్గరకు రమ్మనియు, మంచి పంట నిమ్మనియు వేడుకొన్నాడు. పారస్కర గృహ్యసూత్రమునందు సీతాయజ్ఞమను కర్మ కలదు. అది పొలమున పంట కొరకు చేయు పూజ. 1905లో మైసూరునందు శామశాస్త్రిగారికి దొరకి, 1909లో అచ్చయిన కౌటిల్యుని అర్థశాస్త్రములో సీతాధ్యక్షుడను ఉద్యోగి కనబడును. రాజుగారి సొంత భూములలో దున్నకము, విత్తనములు, కోతలు చూచుకొనుట అతని పని. అనగా ఆనాటి వ్యవసాయశాఖకే సీత పేరు ఉన్నదన్నమాట.

మన పల్లెలలో జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక సాగుట శ్రోతలెరిగినదే. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పసుపు కుంకుమలు పెట్టి తొలిచాలు దున్నుదురు. ఆ తొలిచాలు కొరకు ఇంటిల్లిపాదియు ఎదురుచూచును. వేదకాలపు రైతు సీత అని కొలిచినది దానినే.

ఇక రామకథ. జనకుని స్వనామము సీరధ్వజుడని విష్ణుపురాణము చెప్పును. నాగలి గుర్తు గల పతాకము కలవాడని దాని అర్థము. ఆయన యజ్ఞభూమిని దున్నించుచుండగా నాగటిచాలులో ఒక ఆడశిశువు దొరకినది. చాలులో దొరకినది గనుక సీత అయినది. సంతానము కోరి చేయు యజ్ఞము కొరకే ఆ నేలను దున్నించెనని ఆ పురాణమే చెప్పుచున్నది. తెలుగున చాలు అను మాటకు రెండర్థములు. ఆడపిల్ల పుట్టినంతనే "ఇంక చాలు" అని పెదవి విరుచు ఇండ్లను మనము చూచినాము. ఆ రాజు చాలులో దొరకిన ఆడపిల్లను ఎత్తుకొని తన బిడ్డ అన్నాడు. ఆ ఘట్టమునకు గుర్తుగా బీహారున సీతామఢీ యను ఊరు నేటికిని ఉన్నది. 1972లో అది ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైనది.

అయినను బాలింత భయమును తీసివేయరాదు. అడవులపాలగుట, లంకలో చెర, అగ్నిపరీక్ష, నిండు గర్భముతో మరల అడవికి పంపబడుట, ఇన్ని పాట్లు మరి యే రాణియు పడలేదు. సీత కష్టములు అను మాట మన యిండ్లలో జాతీయమైనది. 1934లో ఒకమారు, 1963లో మరియొకమారు వచ్చిన 'లవకుశ' చిత్రములు చూచి, శ్రీరంజని కొరకు, అంజలీదేవి కొరకు కన్నీరు కార్చని వారు అరుదు. సీత పుట్టింటివారగు మైథిలులలోను ఈ శంక కలదు. సీతారాముల పెండ్లి జరిగినదని చెప్పు మార్గశిర శుద్ధ పంచమినాడు జనకపురమున గొప్ప ఉత్సవము జరుగును. కాని ఆ రోజున తమ పిల్లల పెండ్లి చేయుటకు అచ్చట అనేకులు వెనుకాడుదురు.

తెలుగువారి నడవడి ఇందుకు భిన్నము. మన శుభలేఖల తలమీద సీతారాముల తలంబ్రముల శ్లోకము అచ్చువేయింతుము. చైత్ర శుద్ధ నవమినాడు భద్రాచలమున కల్యాణము చూచి, ఆ తలంబ్రములను ఇంటికి తెచ్చి, పెండ్లి కావలసిన పిల్లల కొరకు దాచుకొందుము. గోలకొండ చెరసాలలో ఉన్న కంచర్ల గోపన్న రామునికి ఎన్ని మొరలు పెట్టుకొన్నను, నా మాట ఆయనకు చెప్పుమని ఒక కీర్తనలో సీతమ్మనే బతిమాలుకొన్నాడు. అచ్చట ఆమె దుఃఖితురాలు కాదు, చెప్పి చేయింపగల ఇల్లాలు. బిడ్డ పెండ్లికి శుభమని తలచిన పేరు, బిడ్డ పుట్టుకకు అశుభమెట్లగును?

మన స్త్రీలు పాడుకొను రామాయణపు పాటలలో మరియొక సీత కనబడును. 1955లో 'స్త్రీల రామాయణపు పాటలు' అను సంపుటము వెలువడినది. సీత గడియ అను పాటలో ఇంటిపనుల వలన సీతకు ఆలస్యమగును. రాముడు అలిగి పడకటింటి గడియ వేసికొనును. సీత పోయి అత్తగారితో చెప్పగా, కౌసల్య వచ్చి కొడుకును మందలించును. పాడుకొన్న స్త్రీలు తమ యింటి కోడలినే ఆ సీతలో చూచుకొన్నారు. కోడలి పక్షమున నిలిచిన అత్తగారిని సైతము కల్పించుకొన్నారు.

పేరు వ్యాప్తిని గూర్చి కొంచెము. సీతమ్మ, సీతాలు, సీతాదేవి, సీతాలక్ష్మి, సీతామహాలక్ష్మి, సీతారత్నము, సీతారావమ్మ, ఇట్లు మన నోళ్లలో ఈ పేరు ఎన్నియో విధముల పెరిగినది. జానపదగేయములను సభలలోను రేడియోలోను వినిపించిన వింజమూరి సోదరీమణులలో ఒకరు సీతాదేవి. పురుషుల పేర్లలోను సీతయే ముందు నడచును. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, గిడుగు వెంకట సీతాపతిగారు ఇందుకు నిదర్శనములు. జావాలో సింత అనియు, థాయిలాండున సీదా అనియు ఈమెనే పిలుతురు. రంగురంగుల రెక్కల పురుగును చూచి మనవారు సీతమ్మ కోక తలచుకొని సీతాకోకచిలుక అన్నారు. అమెరికా ఖండపు ఉష్ణదేశముల నుండి వచ్చిన పండునకు సీతాఫలమని పేరు పెట్టి తమదిగా చేసికొన్నారు. కష్టములు తలపునకు తెచ్చు పేరే అయినచో, కంటికి ఇంపైనదానికి, నాలుకకు తీపియైనదానికి దానిని పెట్టుకొందుమా?

నేడు సీతమ్మ, సీతాలు అను పేర్లు ఎక్కువగా పెద్దవారిలోనే వినబడుచున్నట్లు నాకు తోచును. ఆ పేరునకు జంకినవారు కొందరు పిల్లలకు వైదేహి యనియో, మైథిలి యనియో, జానకి యనియో పెట్టుకొనుచున్నారు. ఇవి మంచి పేర్లే. కాని ఆ పాట్లు పడినది ఆ వైదేహియే, ఆ జానకియే గదా! మరియొక మాట. సీత కష్టములు ఆమె పేరు తెచ్చిపెట్టినవి కావు. ఒకరి మోసము, ఒకరి దురాశ, ఊరివారి నిందలు, ఆ నిందలకు తలయొగ్గిన భర్త నిర్ణయము వానిని తెచ్చినవి. సీతకు వచ్చినవి మన పిల్లకు రాకూడదన్నచో మార్చవలసినది పేరు కాదు. పిల్లను చూచు తీరు సరిగా ఉండవలెను. చదువు చెప్పించుట, ఆమె మాట వినుట, మెట్టినింట కష్టము వచ్చిననాడు పుట్టినింటి తలుపు తెరచి ఉంచుట, ఇవి తల్లిదండ్రుల చేతిలోని పనులు.

ఆనాడు తగవు తీరుటకు బియ్యములో రెండు పేర్లు వ్రాసినారు. మొదటిది తల్లి కోరిన పేరు, రెండవది సీత. మొన్న వారింటికి వెళ్లినప్పుడు పాప వాకిటిలో మట్టిలో ఆడుకొనుచున్నది. తల్లి వంటయింటి నుండి "సీతాలూ, పాలు తాగుదువుగాని రావే" అని పిలిచినది. నేను ఏమియు అడుగలేదు.