తాళము వేయని విద్య

ఇటీవల కంప్యూటరులోని పాత ఫైళ్ళను సర్దుకొనుచుండగా ఇరువది యేండ్ల క్రిందట నేను వ్రాసికొన్న వ్యాసమొకటి కనబడినది. ఆదరముతో తెరచి చూచితిని. అందు తెలుగక్షరము ఒక్కటియు లేదు. రోమను అక్షరములు, ప్రశ్నార్థకములు, ఏవేవో వింత గుర్తులు పేజీ నిండ పరచుకొని యున్నవి. నాడు టైపు చేసిన సాఫ్ట్‌వేరు నేడు నా యొద్ద లేదు; అక్షరములను అది ఏ వరుసలో దాచినదో దానికే తెలియును. అటక మీది తాటాకు గ్రంథమును చెదలు తినినను, మిగిలిన భాగమును లిపి తెలిసినవాడు ఎవ్వడైనను కూడబలుకుకొని చదువగలడు. నా వ్యాసమునకు చెదలు పట్టలేదు. ఒక్క గుర్తయినను చెడలేదు. అయినను వ్రాసిన నేనే దానిని చదువలేకపోయితిని.

ఇట్టి అనుభవము మన పాఠశాలలకు క్రొత్త కాదు. ఏండ్ల తరబడి దాచిన ప్రశ్నపత్రములు, వార్షికోత్సవ నాటికల ప్రతులు, కంప్యూటరు మారిన నాడే అక్కరకు రాకుండ పోవుటను ఎందరో ఉపాధ్యాయులు ఎరుగుదురు. మన వ్రాత మనది. దానికి వేసిన తాళము మాత్రము పరులది. ఈ తాళమును గూర్చి ఆలోచించినవారు లోకములో కొందరున్నారు. వారి కృషి ఫలమే నేడు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు అను పేర వ్యవహరింపబడుచున్నది.

సాఫ్ట్‌వేరును మనుష్యులు మొదట తాము చదువుకొనగల భాషలో వ్రాయుదురు. దానికి సోర్స్ కోడ్ అని పేరు, మనము మూలపాఠమనవచ్చును. పిమ్మట దానిని సున్నలు, ఒకట్లు గల యంత్రభాషలోనికి మార్చుదురు. మనము అంగడిలో కొనునది సాధారణముగా ఈ రెండవ రూపమే. పూర్వము కొందరు వైద్యులు మాత్ర నిచ్చెడివారే కాని దాని యోగమును చెప్పెడివారు కారు. వైద్యునితోపాటు మందును కాటికి పోయెడిది. మరికొందరు తమ యోగములను గ్రంథస్థము చేసిరి. తరువాతివారు వానిని చదివి, అనుభవముతో సవరించి, వైద్యమును పెంపొందించిరి. ఓపెన్ సోర్స్ అనగా యోగమును వ్రాసి యిచ్చు వైద్యమే.

ఈ ఉద్యమమునకు నాంది పలికినది ఒక ప్రింటరనిన వింతగా తోచును. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రామరు పనిచేయుచుండెను. ప్రింటరులో కాగితము ఇరుకుకొనినప్పుడు అచ్చునకై వేచియున్నవారికి ఆ సంగతి తెలియునట్లు అతడు పాత యంత్రపు సాఫ్ట్‌వేరును సవరించి యుండెను. 1980 ప్రాంతమున క్రొత్త లేజరు ప్రింటరు వచ్చెను. అదియు కాగితమును ఇరికించుకొనుచుండెను; కాని దానితో మూలపాఠము రాలేదు. అది గల వేరొక విశ్వవిద్యాలయపు పరిశోధకుని అడుగగా, ఎవ్వరికిని ఈయనని ఒప్పందము వ్రాసియిచ్చితినని ఆయన నిరాకరించెను. బాగుచేయుట తెలిసినవాడు చేతులు కట్టుకొని చూడవలసి వచ్చెను.

1983 సెప్టెంబరులో స్టాల్‌మన్ గ్ను అను పేర, అందరును చదువదగిన, మార్చుకొనదగిన ఆపరేటింగ్ సిస్టమును నిర్మింతునని ప్రకటించెను. 1989లో జీపీఎల్ అను లైసెన్సు వెలువడెను. అది నాలుగు స్వేచ్ఛలను కాపాడును: ప్రోగ్రామును ఏ పనికైనను వాడుకొనుట, అది ఎట్లు పనిచేయునో చదివి మార్చుకొనుట, ప్రతులను ఇతరులకు ఇచ్చుట, తాను మార్చిన ప్రతిని సైతము పంచుట. ఇట్లు పొందినవాడు దానిని మార్చి పంచునప్పుడు, ఆ స్వేచ్ఛలను తన తరువాతివారికిని ఈయవలెను. గురువు యొద్ద నేర్చిన విద్యను శిష్యునికి చెప్పకుండ దాచరాదను నియమము వంటిదే యిది.

1991 ఆగస్టులో ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, ఇరువదియొక్క యేండ్ల లినస్ టోర్వాల్డ్స్, తాను వినోదార్థము వ్రాయుచున్న ఆపరేటింగ్ సిస్టమును గూర్చి తోడివారికి తెలిపెను. అదియే లినక్సు. 1992లో అతడు దానిని జీపీఎల్ క్రిందికి తెచ్చెను. దేశదేశముల వారు దానిని చదివిరి, తప్పులు దిద్దిరి, క్రొత్త భాగములను చేర్చిరి. 2017 నవంబరు నుండి ప్రపంచములోని అత్యంత వేగవంతములగు 500 సూపర్ కంప్యూటర్లును లినక్సు మీదనే నడచుచున్నవి. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనునకు ఆధారమైనదియు అదే.

సూపర్ కంప్యూటర్ల మాట యటుంచి, దినదినము మనకు కావలసిన పనులను చూతము. వ్యాసము వ్రాయుటకు, మార్కుల పట్టిక వేయుటకు 2010లో ఆరంభమైన లిబ్రె ఆఫీస్ కలదు. అది దాచు ఓపెన్ డాక్యుమెంట్ అను ఫైలు నిర్మాణము 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది. దాని వివరము బహిరంగము గనుక రేపు మరియొక సాఫ్ట్‌వేరు సైతము దానిని చదువగలదు. అంతర్జాల విహారమునకు ఫైర్‌ఫాక్స్, చిత్రములను దిద్దుటకు గింప్, పాటలకు, వీడియోలకు వీఎల్‌సీ కలవు. ఈ చివరిది 1996లో పారిస్ నగర ప్రాంతపు ఎకోల్ సెంట్రాల్ విద్యార్థులు తమ వసతిగృహములలో వీడియోలు చూచుకొనుటకు మొదలుపెట్టిన పని. స్టెల్లేరియమ్ అను ప్రోగ్రామునకు మీ ఊరి అక్షాంశ రేఖాంశములను తెలిపినచో, ఈ రాత్రి మీ బడి కప్పు మీద ఏ చుక్క ఎచ్చట నుండునో చూపును.

తెలుగు మాట మరువరాదు. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగక్షరములకు స్థానము లభించినది. అయినను చాలకాలము మన పత్రికల అంతర్జాల పుటలలో ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క సొంత అక్షరమాలను వాడెను. వానిని యూనికోడులోనికి మార్చి చూపు పద్మ అను ఉపకరణమును ఫైర్‌ఫాక్స్ కొరకు వ్రాసినది ఒక తెలుగువాడే. ఆ బ్రౌజరు ద్వారము తెరచి యుండుటచేతనే అతనికది సాధ్యమైనది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగు మాటలతో పలుకు ఆపరేటింగ్ సిస్టమును రూపొందించిరి. గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, ధూర్జటి పేరులతో వెలసిన ఫాంట్లను నేడు ఎవ్వరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును.

ఇక ఆటలు. ఈ మాట వినగానే ఉపాధ్యాయుల కనుబొమలు ముడివడును. అందులకు కారణము లేకపోలేదు. కాని ఆటలన్నియు ఒక్క తీరువి కావు. ఫ్రాన్సులో 2000 సంవత్సరమున పుట్టిన జీకాంప్రీ పసిపిల్లలకు లెక్కలను, అక్షరములను, భూగోళమును ఆటలుగా నేర్పును. ఆ పేరును పలికినచో ఫ్రెంచి భాషలో నాకు అర్థమైనదని ధ్వనించును. 0 ఏ.డి. అను యుద్ధతంత్రపు ఆటలో రోమనులు, గ్రీకులతోపాటు మన మౌర్యులును ఏనుగులతో నిలుతురు. చాణక్యుడును, అశోకుడును అందు నాయకులు. బ్యాటిల్ ఫర్ వెస్‌నాత్ అను ఆట 2003లో వెలువడినది. అందలి యోధుల బలము, వెల, నడక సాధారణమైన పాఠ్యపు ఫైళ్ళలో వ్రాయబడి యుండును. ఓడిన బాలుడు ఆ ఫైలును తెరచి, తన భటుని బలమును ఒక అంకె పెంచి, మరల ఆడి చూడవచ్చును. అప్పుడు ఆట మిక్కిలి సులభమై విసుగు పుట్టును. ఎంత పెంచిన న్యాయముగా నుండునని ఆలోచించుట మొదలిడును. ఆ క్షణమున అతడు ఆడువాడు మాత్రమే కాదు, ఆటను కూర్చువాడు కూడ అగును.

చదరంగమును చూడుడు. 2008లో వెలువడిన స్టాక్‌ఫిష్ అను ప్రోగ్రామును మించి ఆడగల మనుష్యుడు నేడు లేడు. దాని మూలపాఠము అందరి యెదుట నున్నది. ఎవ్వరైనను మార్పును సూచింపవచ్చును. లోకమందలి స్వచ్ఛంద సేవకుల కంప్యూటర్లపై వేలకొలది ఆటలాడించి, మేలని తేలిననే ఆ మార్పును స్వీకరింతురు. సూచించినవాని పేరుప్రతిష్ఠలతో అచ్చట పని లేదు. గ్రాండ్‌మాస్టర్లు తమ ఆటలను పరీక్షించుకొను ఈ పరికరమే, కోనేరు హంపిని, పెంటేల హరికృష్ణను కన్న ఈ నేలపై ఒక జిల్లా పరిషత్తు పాఠశాల విద్యార్థికిని రుసుము లేకుండ లభించుచున్నది. విద్యలో సమానావకాశమనిన ఇంతకు మించి స్పష్టమైన ఉదాహరణము నాకు తోచదు.

ఇది సాధ్యమా యని సందేహించువారు కేరళమును చూడవచ్చును. 2001లో అచ్చట ఐటీ ఎట్ స్కూల్ పథకము ఆరంభమైనది. క్రమముగా ఆ రాష్ట్రపు పాఠశాలలు గ్ను లినక్సు వైపు మరలినవి. ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి, పాఠ్యపుస్తకములను అందుకు తగినట్లు కూర్చిరి. యంత్రములను పంచి ఊరకుండక గురువులను సిద్ధము చేయుటయే అచ్చటి విజయమునకు మూలము.

గుణములతోపాటు దోషములను చెప్పుట ధర్మము. కొన్ని ప్రింటర్లు, స్కానర్లు లినక్సుతో సరిగా పనిచేయవు. మోసమును పట్టుటకు ప్రత్యేకపు కాపలా గల కొన్ని వాణిజ్యపు ఆటలు అందు నడవవు. లిబ్రె ఆఫీసులో ఇతరుల ఫైళ్ళను తెరచునప్పుడు పట్టికలు ఒక్కొక్కప్పుడు చెదరును. మూలపాఠము తెరచియున్నంత మాత్రమున తప్పులుండవని కాదు. చదువువారున్ననే అవి బయటపడును. రుసుము లేకున్నను నేర్చుకొనుటకు కాలము, ఓపిక వెచ్చింపక తప్పదు.

అయినను ఈ సమయమున పాఠశాలలు ఆలోచింపవలసిన హేతువు మరియొకటి కలదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు నిలిచిపోయినవి. దాని తరువాతి కూర్పునకు కావలసిన హంగులు పాత కంప్యూటర్లలో పెక్కింటికి లేవు. చక్కగా పనిచేయు యంత్రములను మూలకు త్రోయుటకు ముందు, వానిపై లినక్సు మింటునో, సీడాక్ వారి బాస్ లినక్సునో పరీక్షింపవచ్చును. పెన్‌డ్రైవులో దానిని ఎక్కించుకొని, కంప్యూటరులోని దేనిని చెరపకయే కొన్నిదినములు నడిపి చూడవచ్చును. అంతకు ముందే ఉన్న యంత్రముపైననే లిబ్రె ఆఫీసును, వీఎల్‌సీని వాడుక చేసికొనినచో మార్పు కష్టముగా తోచదు. నేడు వ్రాయు ప్రతి తెలుగు మాటను యూనికోడులో వ్రాయుట మాత్రము ఈ దినముననే ఆరంభింపదగినది.

నా వ్యాసము సంగతి చెప్పి ముగింతును. ఒక విద్యార్థి ఆ వింత గుర్తులను కాగితముపై దింపుకొని, నాకు జ్ఞాపకమున్న మొదటి వాక్యములతో సరిచూచి, ఏ గుర్తు ఏ అక్షరమో పట్టిక వేసెను. ఆదివారములు రెండు గడచినవి. కొన్ని సంయుక్తాక్షరములు తప్ప వ్యాసమంతయు తిరిగివచ్చినది. అందు నేను వ్రాసిన భావములు నేడు నాకే అంతగా రుచింపలేదు. కాని ఆ బాలుడు తన పట్టికను నాకొక్కనికి ఇచ్చి ఊరకుండలేదు. అటువంటి ఫైళ్ళే గల తన ఉపాధ్యాయులందరికిని ప్రతులు తీసి పంచెను. విద్యను ఎట్లు వాడుకొనవలెనో అతనికి ఎవ్వరును చెప్పనక్కరలేకపోయినది. అట్టివారికి తెరచిన యంత్రమును అందించుట పెద్దల విధి. విజ్ఞులగు ఉపాధ్యాయులు యోచింతురు గాక.